అత్త పేరున్న కాగితం

మా మేనత్త చనిపోయింది. పోయిన మంగళవారం పొద్దున నేను నాన్న మాత్రలు డబ్బీలో సర్దుతుంటే మామ దవాఖానా నుంచి ఫోన్ చేశాడు. "మీ అత్త పోయింది బిడ్డా" అన్నాడు. అంతకు మూడు రోజుల ముందు రామాయంపేటలో, తన ఇంటి అరుగు మీద బీడీలు చుడుతూ చాట మీదికి ఒరిగిపోయింది. మెదక్ తీసుకొచ్చి దవాఖానాలో చేర్చారు. మళ్లీ కళ్లు తెరవలేదు.

నాన్న మాత్రలు వేళ తప్పకూడదు. ఆయన వాటిని మింగి, గ్లాసెడు నీళ్లు తాగాకే ఆ మాట చెప్పాను.

నాలుగేళ్ల కిందట నాన్నకు కిడ్నీ ఇచ్చింది ఆయన అక్కైన ఈ అత్తే. అప్పటికి ఆయన వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు పోయి, వచ్చిన పూట అన్నం ముట్టకుండా పడుకునేవాడు. అడగాలా వద్దా అని మేము ఇంట్లో గుసగుసలాడుతుండగానే ఆమె బట్టల సంచితో బస్సు దిగింది.

"రెండున్నయి గద తమ్మీ. ఒకటి నా తాన ఊకె కూసుంటున్నది. నీ తాన పని నేర్చుకుంటది."

మామకు ఇష్టం లేదు. "పొద్దంత వంగి బీడీలు సుట్టేదానివి, గది గూడ తీపిచ్చుకుంటె నీకేం మిగుల్తది?" అన్నాడు.

"నువ్వు మిగుల్తవు. సంతకం పెట్టు."

ఆయన పెట్టాడు.

తర్వాత ప్రతి ఆదివారం ఆమె ఫోన్ చేసేది. ఇచ్చిన కిడ్నీ గురించి, పెళ్లి చేసి పంపిన కూతురి గురించి అడిగినట్టు అడిగేది. "నా బిడ్డ మంచిగున్నదా కోడలా? నీళ్లు సక్కగ పోస్తున్రా? మీ నాయిన ఉప్పు తొక్కు పచ్చడి తింటె జెప్పు. వచ్చి తీస్కపోత నా బిడ్డను." నాన్న పక్కనుంచి "నేనియ్య పో అక్కా" అనేవాడు. అందరం నవ్వేవాళ్లం. ఆమె దగ్గర మిగిలిన రెండోదాని సంగతి మేమెవరమూ అడగలేదు.

ఇంటికొస్తే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేది. పొగాకు వాసన తమ్ముడికి తగలకూడదని గుమ్మం దగ్గరే కూర్చునేది. నేను చదువుకుంటుంటే నా పుస్తకంలోకి తొంగిచూసి, "గన్ని మాటలు లోపల పెట్టుకోని ఒక్కటి గూడ బయటికి రానియ్యవేందే?" అనేది. వాళ్ల వాడకట్టులో మాత్రం నా గురించి గొప్పగా చెప్పుకునేది. "మా కోడలు కాన్వెంట్ల సదివింది. డాక్టర్ల ఇంగ్లీష్ మాకు ఆమెనే జెప్తది."

ఆ నమ్మకం గురించే ఇదంతా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో డిశ్చార్జ్ చేసిన రోజు నాన్న ఫైల్ పుస్తకమంత లావుంది. అత్తవి రెండు కాగితాలు. కారులో ఆమె వాటిని నా ఒళ్లో పెట్టింది. "జర సదువు కోడలా, నాకేం రాసిన్రో."

మొదటి కాగితంలో మూడు నెలలు బరువులు ఎత్తవద్దని ఉంది. రెండోదానిలో దాత కూడా ఏడాదికోసారి వచ్చి బీపీ, రక్తం, మూత్రం పరీక్షలు చేయించుకోవాలని ఉంది. నేను చదివాను. చదవలేదని చెప్పుకోవడానికి లేదు. అప్పుడే నాన్న వాంతి వస్తోందన్నాడు. కారు ఆపించాం.

"బరువులు ఎత్తొద్దంట అత్తా" అన్నాను.

"గంతేనా?"

"గంతే."

మిగతాది తర్వాత చెబుదామనుకున్నాను. కాగితాలు పోకుండా నాన్న ఫైల్‌లో అడుగున పెట్టాను. ఆ ఫైల్ మాతో ఎన్నోసార్లు హైదరాబాద్ వెళ్లివచ్చింది. ఆమె పేరున్న కాగితం వెళ్లింది, ఆమె వెళ్లలేదు.

పోయినేడు ఒకసారి తనే అడిగింది. "తల ఒక్కటే తీర్గ నొస్తున్నది తమ్మీ. ఈసారి నేను గూడ రానా? నన్ను గూడ సూస్తరేమో."

"గా గుంపుల నీకెందుకక్కా? నువ్వు గట్టిదానివి" అన్నాడు నాన్న. ప్రేమగానే అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. తలనొప్పి మాత్ర తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.

మెదక్ దవాఖానాలో డాక్టర్ మెదడులో నరం చిట్లిందని చెప్పి, బీపీ మాత్రలు ఏవి వాడుతుందని అడిగాడు. "ఆమెకు ఏ బీమారి లేదు సార్" అన్నాడు మామ. కిడ్నీ ఇచ్చిందని తెలిశాక డాక్టర్ పెన్ను పక్కన పెట్టాడు. "కిడ్నీ ఇచ్చినోళ్లు మంచిగ బతుకుతరు. కానీ ఏటేటా సూపించుకోవాలె. ఈ బీపీ ఎన్నేండ్ల నుంచున్నదో. మీకు ఎవరూ చెప్పలేదా?"

మామ నా వైపు చూశాడు. నాకు తెలుసని కాదు, ఇంగ్లీషు చదివేదాన్ని నేనే కదా అని. నేను మందుల చీటీ తీసుకుని కిందికి వెళ్లాను.

చావు ఇంట్లో జనం నాన్న చుట్టూ చేరారు. "దేవతయ్యా మీ అక్క" అన్నారు. ఆయన మాస్కు తడిసిపోయింది. కిడ్నీ మార్చినవాళ్లు గుంపులోకి వెళ్లకూడదని ఎవరో ఆయన్ని అవతలి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టారు. మామ ఒక్కసారే నోరు తెరిచాడు. "అందరు దేవత అంటున్రు. దేవతకు బీపీ సూసెటోడు లేడు." అప్పుడైనా నేను ఆ కాగితం గురించి చెప్పాల్సింది. చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది అచ్చయ్యేలోగా మామ ముందు కూర్చుని చదివి వినిపిస్తాను.

ఆడబిడ్డ పోతే చివరి చీర పుట్టింటివాళ్లే తేవాలి, చివరి స్నానానికి మొదటి చెంబు నీళ్లు కూడా పుట్టింటివాళ్లే పోయాలి. నాన్నను లోపలికి రానివ్వలేదు కాబట్టి నన్ను పిలిచారు. నాలుగు పక్కలా చీరలు పట్టుకుని ఆడవాళ్లు నిలబడ్డారు. ఒకామె అత్తను పక్కకు ఒత్తిగిలించింది. "అయ్యో, గింత పెద్దగ కోసిన్రా?" అంది.

నాన్న గాయానికి కట్టు నేనే మార్చాను, నెలకు పైగా. ఆయన కుట్లు ఎన్నో ఇప్పటికీ చెప్పగలను. అత్త గాయాన్ని చూడటం అదే మొదటిసారి. పక్కటెముకల కింద మొదలై, నడుము వెంట వంకరగా వెనక్కి పోయింది. ఒక చోట చర్మం ముడతలు పడి గట్టిపడి ఉంది, సరిగా మానకుండానే పనిలో కూర్చున్నట్టు. నేను చెంబు వంచాను. గోరువెచ్చని నీళ్లు ఆ ముడత దగ్గర కాసేపు నిలిచి, తర్వాత ఆ గీత వెంటే కిందికి జారాయి.