నాలుగో పొర

దయ్యాల కబుర్లంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. మా వీధిలో ఎవరైనా మొదలుపెడితే చీపురు తీసుకుని వాళ్లు కూర్చున్న అరుగే ఊడుస్తాను, వాళ్లే లేచిపోతారు. అలాంటిదాన్ని ఇప్పుడు నేనే ఒకటి రాయాల్సి వచ్చింది. నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది కడియం. పెళ్లికి ముందు అమ్మతో కలిసి నర్సరీల్లో అంట్లు కట్టేదాన్ని. మామిడి మొక్కనీ, వేరే కొమ్మనీ ఏటవాలుగా కోసి, రెండు కోతలూ ఆనించి ప్లాస్టిక్ రిబ్బను చుట్టాలి. అమ్మది ఎడమచేతి వాటం, అందరికీ ఎదురు దిక్కులో చుట్టేది. చివర రిబ్బను కొసని చిన్న ముక్కోణంలా మడిచేది. అంటు అతుక్కున్నాక గోటితో పట్టుకుని విప్పడానికి వీలుగా ఉంటుందని. నాగరత్నం కట్టిన అంటు చావదని నర్సరీల వాళ్లు కబురు పెట్టి మరీ పిలిపించుకునేవారు. ఆ గర్వం ఆవిడకి బాగానే ఉండేది. నాకు ఇంకా ఎక్కువ ఉంది.

ఇప్పుడు నేను రాజమండ్రి దగ్గర ఒక చిన్న కంపెనీలో ట్రాన్స్‌ఫార్మర్లు చుడతాను. కరెంటు స్తంభాల మీద ఉండేవి కావు, అగ్గిపెట్టెంత ఉంటాయి. ఆసుపత్రి మెషిన్లకి పెట్టే పవర్ సప్లైలో కూర్చుంటాయి. గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటు లోపలి తీగలో ఉంటుంది. రోగి వైపు వెళ్లేది పై తీగలో. ఆ రెండూ ఎన్నటికీ తగలకూడదు. తగిలితే షాకు కొట్టేది మంచం మీద ఉన్న మనిషికే. అందుకని మధ్యలో పసుపు టేపు మూడు పొరలు వేస్తాం. నేను చుట్టిన ప్రతిదాని అడుగునా ఆకుపచ్చ పెన్నుతో చుక్క పెడతాను. నా పనికి నేనే పూచీ.

అమ్మ కంటికి ఈ పని ఆనలేదు.

"కలవడానికి చుడతారు గానీ, కలవకుండా చుట్టడం ఏంటే? అదీ ఒక పనేనా?" అని ఏడిపించేది.

"ఓసారి వచ్చి చూడమ్మా, తెలుస్తుంది" అంటే, "చూస్తాలే" అనేది. చూడకుండానే పోయింది.

అమ్మ పెద్దకార్యం అయ్యాక పనిలోకి వెళ్లిన మొదటి రోజు, మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినా నేను బల్ల దగ్గరే ఉండిపోయాను. లోపలి తీగ చుట్టి మూడు పొరలూ వేశాను. కళ్లనిండా నీళ్లు, ఇంక ఏమీ కనబడలేదు. అలాగే వదిలేసి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను. వచ్చేసరికి బల్ల దగ్గర, నర్సరీలో లాగా, తడిసిన కొబ్బరిపొట్టు వాసన వచ్చింది. మొక్కల లారీ ఏదో రోడ్డున పోయిందనుకున్నాను. పై తీగ చుట్టి ట్రేలో పెట్టేశాను. ఆ రోజు నేను పూర్తి చేసింది ఆ ఒక్కటే.

వానాకాలంలో ఒక ఉదయం మా ఇంజనీరు శ్రీధర్ గారు పిలిచారు. కొవ్వూరు అవతల ఒక ఆసుపత్రి దగ్గర పిడుగు పడిందట. నెలలు నిండని పాపని పెట్టిన బాక్సు తాలూకు పవర్ సప్లై మాడిపోయి ఆయన బల్ల మీద ఉంది. అందులోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్ అడుగున ఆకుపచ్చ చుక్క కనబడింది.

ఆ చుక్క నాదే. "పాపకి ఎలా ఉందండి?" అన్నాను.

"తెలియదండి. ఏజెంటు ఇది ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఆసుపత్రి వాళ్లకి ఫోను కలవట్లేదు. పిడుగు పడ్డప్పుడు పాప పొట్టకి సెన్సరు అంటించే ఉందంట. విప్పి చూద్దాం, ముందు మీరు కూర్చోండి."

పై తీగ తీస్తే కొత్తదానిలా మెరుస్తోంది. దాని కింద టేపు పసుపుగానే ఉంది, మచ్చ కూడా లేదు. ఆయన దాన్ని ఊడదీశారు. కింద మూడు పొరలూ బొగ్గై, ముట్టుకుంటే రాలిపోయాయి.

"కరెంటు ఇవతలికి దాటలేదండి. ఈ నాలుగోదే ఆపింది," అన్నారు. "అయినా నాలుగు వేశారేంటి లక్ష్మి గారూ?"

"నేను మూడే వేశానండి."

అప్పుడు ఆ టేపుని చేతిలోకి తీసుకుని చూశాను. ఎదురు దిక్కులో చుట్టి ఉంది. కొస ముక్కోణంలా మడిచి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద తేదీ చూస్తే, నేను మళ్లీ పనిలోకి వెళ్లిన రోజే.

కాసేపటికి ఫోను కలిసింది. పాపని వేరే బాక్సులోకి మార్చారట, పాలు తాగుతోందట. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

పరధ్యానంలో మీరే వేసుంటారని శ్రీధర్ గారు అన్నారు. కావచ్చు. పసుపు మీద పసుపు, కన్నీళ్లలో తేడా కనబడి ఉండదు. కానీ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా, ఎడమచేత్తో టేపు ముడతలు పడకుండా చుట్టడం నాకు రాలేదు. ఆ మడత పెట్టేవాళ్లు మా కంపెనీలో ఎవరూ లేరు.

ఇదెలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలని ఇప్పటికీ నమ్మను. మా అమ్మని ఎవరైనా ఆ మాట అంటే ఊరుకోను కూడా. ఆవిడ చెయ్యి పడిందే గనక నిజమైతే, ఒక పసిప్రాణం నిలబడింది, నా పనీ పనే అయింది.

ఒక్కటి మాత్రం అడగాలనుంది. అంటుకి మడత పెట్టేది తర్వాత విప్పడానికి. ట్రాన్స్‌ఫార్మర్ని మామూలుగా ఎవరూ విప్పరు. మరి ఎవరు విప్పి చూస్తారని పెట్టావమ్మా?