వెనక్కి చూడకూడని ఆట

నలభై దాటాక పిస్టల్ పట్టుకున్నాను. ఇంట్లో ఎవరైనా ఉంటే వద్దనేవారేమో. నేను నరసన్నపేటలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో ఒక్కదాన్నే ఉంటాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం నా ముందు చేతులు చాపుతారు, నేను రక్తం తీస్తాను, వాళ్లు మొహం పక్కకి తిప్పుకుంటారు. అలా రోజంతా మనుషుల మధ్యే ఉండి, ఒక్కరి మొహమైనా సరిగ్గా చూడకుండా ఇంటికి వస్తాను.

శ్రీకాకుళంలో ఒక మేడ మీద షూటింగ్ నేర్పుతున్నారని, వయసు పట్టింపు లేదని తెలిసి వెళ్లాను. గురి మీద మోజుతో కాదు, నలుగురు మనుషులు ఉంటారని. తీరా చేరాక తెలిసింది, కాల్చడానికి గీత మీద నిలబడితే ఎవరూ ఎవరితోనూ మాట్లాడకూడదట. పలకరింపు కోసం వెతుక్కుంటూ వెళ్లి మౌనవ్రతం పట్టినవాళ్లలో పడ్డాను. నా రాత ఎప్పుడూ ఇంతే.

అయినా మానలేదు. అది గాలి ఒత్తిడితో పేలే పిస్టల్. అందులో మినపగింజంత గుండు. పది మీటర్ల అవతల ఒక అట్టముక్క, దాని నడుమ నల్లటి గుండ్రం. దాన్ని కార్డు అంటారు. ఒక కార్డుకి ఒక్కటే గుండు. కాల్చాక మీట నొక్కితే కార్డు తీగ మీద జారుకుంటూ మన దగ్గరకొస్తుంది. దాన్ని తీసి, కొత్తది తగిలించి పంపాలి. సూది పట్టిన చెయ్యి కాబట్టి నాకు వణుకు లేదు. నేర్పే పెద్దాయన సైన్యంలో చేసి వచ్చినవాడు. నా చెయ్యి వణకదన్న సంగతి మొదటి రోజే కనిపెట్టాడు. నాలో ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు.

“నీ సెయ్యి మంచిదేనమ్మా. మెడే మాట యినదు. గుండు గుండుకీ ఎనక్కి తిరుగుతన్నావు. ఎనకాతల ఏటున్నాది?”

వెనక ఒక బల్ల ఉండేది. నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని దాని మీద కూర్చునేవాళ్లు. పిల్లలు బాగా కాల్చినప్పుడు తిరిగి చూస్తే, ఆ బల్ల మీద ఎవరిదో ఒకరి మొహం వెలిగేది. నాకోసం అక్కడ ఎవరూ లేరని నాకు తెలుసు. తెలిసీ తిరిగేదాన్ని. ఎందుకంటే ఏం చెప్పను?

కొన్ని నెలలకి విజయనగరంలో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి పోటీ పెట్టారు. వయసు తేడా లేకుండా అందరికీ కలిపే. విజయనగరం అనగానే నాకు పోటీ కన్నా ముందు అన్నయ్య గుర్తొచ్చాడు. అతని ఇల్లు అక్కడే. అమ్మ పోయాక మా ఇద్దరి మధ్యా పండగలకి ఫోను తప్ప ఏమీ మిగల్లేదు. గొడవలేం లేవు. గొడవైనా ఉంటే బాగుండేది, తీర్చుకోవడానికైనా కలిసేవాళ్లం. చిన్నప్పుడు శ్రీకూర్మం తీర్థంలో బెలూన్లు పేల్చే తుపాకీ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవాడు. కాల్చేది అతను, పేలినప్పుడల్లా కేక పెట్టేది నేను. ఒక్కసారి నాకివ్వమంటే ఆడపిల్లకెందుకే అనేవాడు. ఇప్పుడు నా చేతిలో తుపాకీ ఉంది. అతనొచ్చి వెనక నిలబడి చూస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఫోను చేశాను. నీకు పోటీ ఏమిటే అని పడీ పడీ నవ్వి, చివరికి వస్తాన్లే అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని, ఇస్త్రీ చీరలా నలగకుండా దాచుకున్నాను.

పోటీ రోజు తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లాను. పొడుగాటి హాలు. ముందు కార్డులు, మధ్యలో మేము, వెనక కుర్చీలు, కుర్చీల వెనక గుమ్మం. నా పక్క చోటు ఒక కాలేజీ అమ్మాయిది. సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. వాళ్లమ్మ చేపల బేరం మానుకుని కూతురితో వచ్చిందని, అంతా మొదలయ్యే ముందు ఆ పిల్లే చెప్పింది. తర్వాత ఈలేశారు, మాటలు ఆగిపోయాయి.

మొదట్లో బాగానే కాల్చాను. ఒక గుండు సరిగ్గా నల్లటి గుండ్రం నడుమ పడింది. తిరిగి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు. ట్రాఫిక్కేమో అనుకున్నాను. ఇంకొకటి కాల్చి మళ్లీ చూశాను. అలా కార్డు మార్చినప్పుడల్లా గుమ్మం చూడటమే పనైపోయింది. ఒకసారి అక్కడ తెల్ల చొక్కా కనిపించింది. అన్నయ్య కాదు, నీళ్ల క్యాను మోసుకొచ్చిన మనిషి. ముందుకు తిరిగి, చెయ్యెత్తి, ఊపిరి వదిలి, ట్రిగ్గర్ నొక్కాను. ఇంత నిమ్మళంగా ఎప్పుడూ కాల్చలేదనిపించింది.

కార్డు దగ్గరికొచ్చింది. దాని మీద చిల్లే లేదు.

పక్కమ్మాయి కార్డు మీద రెండున్నాయి. గుమ్మం చూసి ముందుకు తిరిగేసరికి నా కళ్లు ఒక చోటు తప్పి పక్క కార్డు మీద నిలిచాయి. తప్పు నాదేనని చెప్పడానికి చెయ్యెత్తాను. పోటీ నడిపించే అధికారి వచ్చి రెండు కార్డులూ చూశాడు. ఏ చిల్లు ఎవరిదో తేలదు కాబట్టి రెండింటిలో మంచిది ఆ పిల్లకే రాస్తారట. నాకు సున్నా. ఆ పిల్ల పర్లేదాంటీ అన్నట్టు తలూపింది. మిగతా గుండ్లు ఎలా కాల్చానో నాకే తెలీదు. ఫలితాల జాబితాలో చివరి నుంచి వెతికితే నా పేరు త్వరగా దొరికింది.

బయట మెట్ల మీద కూర్చుని అన్నయ్యకి ఫోను చేశాను.

“ఒసే, ఇయ్యాలేటే? రేపనుకున్నానే. ఇంటికి సుట్టాలొచ్చినారు. నువ్వు కూడా వచ్చీ, బోయినం సేసి ఎల్దువు గాని” అన్నాడు.

బస్సుకి టైమైపోయిందన్నాను. సరేలేవే అన్నాడు. ఎలా కాల్చావని అడగలేదు. అడిగితే చెప్పడానికి నేనూ సిద్ధంగా లేనులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. అడగాలని చెవి కోసుకుని ఉన్నాను.

ఫోను పెట్టేసరికి పక్కమ్మాయి వాళ్లమ్మ వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది. కొంగుతో మెడ తుడుచుకుంటూ, కూతురికి కలిసొచ్చిందని సంతోషమూ, నాకు పోయిందని నొచ్చుకోవడమూ రెండూ ఒకేసారి చెప్పింది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అంది:

“నువ్వు ఎనక్కి తిరిగినప్పుడల్లా నన్నే సూస్తన్నావనుకున్నానమ్మా. నీ తరుపు ఎవులూ వచ్చినట్టు లేదు కదా అని నవ్వేను. సెయ్యి కూడా ఊపేను. ఒక్కపాలైనా సూణ్ణేదు నువ్వు.”

నాకు గుమ్మం మాత్రమే గుర్తుంది. ఆవిడ కూర్చున్నది గుమ్మానికి సరిగ్గా ముందున్న కుర్చీలో. అన్నిసార్లూ నా చూపు ఆవిడ తల మీదుగానే పోయి ఉండాలి.

ఇంతలో కూతురు పిలిచింది. ఆవిడ లేచి, వస్తానమ్మా అని, ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి రోడ్డు దాటింది. వాళ్లు బస్సెక్కే దాకా నేను కళ్లు తిప్పలేదు. ఆవిడ వెనక్కి చూడలేదు.