ముప్పయ్యో పేరు

ప్రతి శుక్రవారంలాగే ఈ పొద్దునా ఈ అరబ్బు దేశంలో, అబూ హలీఫాలోని మా గదిలో దీపం పెట్టి, చెల్లెలు రమణ తెల్లకోటు ఇస్త్రీ చేశాను. ఇక్కడివాళ్ల ఇళ్లలో చేసే ఇంటిపని వదిలి ఆసుపత్రిలో చేరాలని, ఇక్కడి మన తెలుగువాళ్ల సంఘం ఓ కాలేజీతో కలిసి పెట్టిన రోగుల సేవ క్లాసుకు ఆర్నెల్లు వెళ్లింది. ఈరోజు సర్టిఫికెట్ ఇచ్చారు. ఉద్యోగం ఎప్పుడని సంఘం నడిపే రెడ్డెప్పను అడిగాను.

“ఇంటిపని వీసా ఉంటే ఆసుపత్రోళ్లు తీసుకోరక్కా.”

“ఆ సంగతి మొదట్నే తెల్సునా నాయనా?”

“తెల్సు. ముప్పైమంది లేకుంటే కాలేజీవోళ్లు క్లాసే పెట్టం అనిరి.”

మా ఊరివాడని నమ్మి ముప్పయ్యో పేరుగా రమణ పేరు నేనే రాయించాను. మీరైతే అతనికేం చెప్పేవారు?

సాయంత్రం మా ఆయన, రమణ, నేను కూర్చుని ఒక మాట అనుకున్నాం. వచ్చే శుక్రవారం క్లాసుకు కొత్తవాళ్లు పేర్లిచ్చే చోట రమణ ఆ తెల్లకోటుతోనే నిలబడి, ఒక్కొక్కరి వీసా ఏ రకమో రాసుండే ఇఖామా కార్డు చూసి, ఉన్నమాట చెబుతుంది.