రెండో దెబ్బ

రాజమండ్రిలో లా కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆత్మరక్షణ హక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో ఏటా చెప్పి చెప్పి నోరు అరిగిపోయింది. మా బాబాయి మెడకు చుట్టుకునేదాకా అది నాకు మామూలు పాఠమే.

కొవ్వూరు అవతల మా పొలాలు. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీళ్లు వంతుల ప్రకారం వదులుతారు. ఆ రోజు వంతు బాబాయిది. పక్క చేను రైతు గట్టు తెగ్గొట్టి నీళ్లు తనవైపు తిప్పుకున్నాడు. బాబాయి వెళ్లి గండి పూడుస్తుంటే అతను కత్తి తీసుకుని మీదికొచ్చాడు. బాబాయి పారతో అతని చేతి మీద కొట్టాడు. కత్తి ఎగిరి కాలువలో పడింది, అతను బురదలో పడ్డాడు. అక్కడితో ఆగి ఉంటే ఏ కోర్టూ బాబాయిని తప్పు పట్టేది కాదు. ఆయన రెండోసారి తల మీద కొట్టాడు. అతను అక్కడే పోయాడు.

పడ్డవాడు కాలువలోంచి మళ్లీ కత్తి అందుకోబోయాడని చెప్పమన్నాడు మా వకీలు. పిన్ని కూడా బతిమాలింది. బాబాయి తలూపాడు. తీరా జడ్జిగారు అడిగేసరికి నిజం చెప్పేశాడు.

"పడ్డాక వాడు కదల్లేదండి. చేలో పాముని ఒక దెబ్బ కొట్టి వదిలెయ్యం కదండీ. వదిలేస్తే రేపు నన్ను బతకనివ్వడనుకున్నానండి."

నాకు ఒళ్లు మండిపోయింది. దెబ్బతిన్న పాము పగబడుతుందని మావైపు చదువుకున్నవాళ్లు కూడా చచ్చేదాకా కొడతారు. మనిషి దగ్గర ఆ లెక్క చెల్లదు. ఎదురుగా ఉన్న ప్రమాదం నుంచి కాపాడుకోవడానికే చట్టం ఒప్పుకుంటుంది, రేపటి భయానికి పోలీసుల దగ్గరికి వెళ్లమంటుంది. ఆయన నోటితో ఆయనే ఆ గీత దాటానని చెప్పుకున్నాడు. యావజ్జీవం పడింది. పిన్ని బెంచీ మీదే కూర్చుని ఏడ్చింది. అవతల చనిపోయినతని భార్య కూడా ఏడుస్తూనే ఉంది.

జైల్లో చూడటానికి వెళ్లినప్పుడు అప్పీలు సంగతి చెప్పబోయాను. బాబాయి వినిపించుకోలేదు.

"వాణ్ణి వదిలేసుంటే నిజంగా నన్ను చంపేవాడంటావా అమ్మా?"

తెలియదన్నాను.

"నాకూ తెలీదమ్మా. మర్నాడు ఎప్పట్లాగే గట్టు మీదికొచ్చి, ఏం బావా అని పలకరించేవాడేమో."