గంజి వార్చని అన్నం

మా అత్తగారింట్లో అన్నం మల్లెపూలు కుప్ప పోసినట్టు ఉండాలి. మెతుకుకీ మెతుకుకీ మధ్య గాలి ఆడాలి. కంచంలో ఒక్క ఎర్ర గింజ కనపడినా మా అత్తగారు వండినవాళ్ళ మొహం వంక ఒక చూపు చూసేది. నీళ్ళు తేటగా వచ్చేదాకా బియ్యం కడిగేవాళ్ళం. కడుగు నీళ్ళు కుడితి గోలెంలో పోసేవాళ్ళం. అన్నం ఉడికాక గంజి వార్చి అదీ గోలెంలోనే పోసేవాళ్ళం. కూరగాయల తొక్కలు, తోటకూర కాడలు, మిల్లు నుంచి తెచ్చిన తవుడు, అన్నీ అందులోకే. సాయంత్రం గేదె మూతి ముంచి గటగటా తాగేది. మా ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ అంతే. రేపల్లె నుంచి చెరుకుపల్లి వెళ్ళే దారిలో మాది మంచి మాగాణి ఊరు. అరవైల్లో ధాన్యం మరపట్టించుకోవడం అలవాటయ్యాక, దంపుడు బియ్యం తినేవాళ్ళంటే ఇంకా పైకి రానివాళ్ళు అని లెక్క.

మా అత్తగారిని తప్పు పట్టి చెప్పడం లేదు. చిన్నప్పుడు ఆమె నూకల జావ తాగి పెరిగిందట. తవుడు రొట్టె తిని గొంతు పట్టుకుపోతే ఏడ్చేదట. "నా కొడుకు తెల్లన్నం తప్ప తినకూడదు" అని మా ఇంటాయన పుట్టినరోజునే అనుకుందట. అనుకున్నట్టే పెంచింది.

ఆయన మంచి తిండిపుష్టి గల మనిషి. ఆవకాయతో ఒకసారి, పప్పుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి, ప్రతిసారీ కంచం నిండా అన్నమే. కూర అంటే అన్నం పక్కన ఉసిరికాయంత. కాలవ గట్టు మీద పొన్నగంటి కూర తివాచీ పరిచినట్టు ఉండేది. నాట్లకు వచ్చిన ఆడవాళ్ళు ఒళ్ళో కోసుకుపోతుంటే మేము చూస్తూ ఊరుకునేవాళ్ళం. గట్టు మీద ఆకు మా గుమ్మం దాటి రావడమేంటి అనే రకం మేము.

అరికాళ్ళ మంటలతో మొదలైంది. రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుంటే తప్ప ఆయనకు నిద్ర పట్టేది కాదు. తర్వాత మంట పోయింది. పోయిందని సంతోషించాం. ఒకరోజు పొలం నుంచి వస్తుంటే చావడి దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు.

"ఏంటి మావా, రెండో చెప్పు ఎవరికి దానం చేశావ్?"

ఆయన కిందికి చూసుకున్నాడు. ఒక కాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. వట్టి కాలితో ముళ్ళ దారంతా నడిచి వచ్చాడు, తెలియలేదు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. ఇంటికొచ్చి నా ముందు కాలు చాపి, "ఇది నాది కానట్టుందే" అన్నాడు. పిక్క పట్టుకుంటే మాత్రం కెవ్వుమన్నాడు.

నాటు మందులయ్యాయి, తైలాలయ్యాయి. గోడ పట్టుకుని నడిచే దశకు వచ్చాక రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళాం. డాక్టరుగారు మోకాలి మీద కొట్టి చూశాడు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగాడు.

"ఏమ్మా, ఏం బియ్యం తింటారు?"

"మరబియ్యమేనండి."

"గంజి వారుస్తారా?"

"వారుస్తామండి."

"ఆ గంజి ఎవరు తాగుతారు?"

"గేదె తాగుద్దండి."

"దాని కాళ్ళు బాగున్నయ్యా?"

"ఉన్నయ్యండి" అన్నాను. ఆయన ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదు.

"అంతేనమ్మా. మీ ఇంట్లో బలమంతా గేదె తింటంది. గేదెకు పోసేది ఈయన తినాలి."

మా ఇంటాయన మంచం మీద నుంచే, "అయితే నన్ను గాటికి కట్టెయ్యమంటారా డాక్టరుగారూ?" అన్నాడు. అందరం నవ్వాం. డాక్టరుగారు నవ్వలేదు. సూదులు వేశాడు. దంపుడు బియ్యం తినాలి, గంజి వార్చకూడదు, ఆకుకూర రోజూ ఉండాలి అన్నాడు. అవి మానేస్తే ఇది గుండెకు ఎక్కుతుందని కూడా నాతో విడిగా చెప్పాడు.

వండమని చెప్పడం తేలిక. అట్టా వండడం మా ఇంట్లో ఎవరికీ రాదు. బాపట్లలో మా పిన్ని ఉండేది. ఏదో ఉబ్బసం తగ్గక ప్రకృతి వైద్యం పట్టుకుని వంటంతా మార్చేసిన మనిషి. సూదులయ్యాక ఆయన్ని ఇంట్లో దింపి, నేను మా అమ్మాయిని చంకనేసుకుని బస్సెక్కాను.

పిన్ని వంటింట్లో నేను చిన్నపిల్లలా మళ్ళీ నేర్చుకున్నాను. కూరగాయ కడిగి తరగాలి గాని తరిగి కడగకూడదట. కొల్లూరు లంకల నుంచి వచ్చిన లేత సొరకాయ తెచ్చి, చెక్కు తీయకుండానే ముక్కలు కోసి, మూత పెట్టి, దాని నీటితోనే దాన్ని ఉడికించింది. నూనె లేదు, చింతపండు లేదు. నేను లోలోపల నవ్వుకున్నాను. నోట్లో పెట్టుకుంటే తియ్యగా ఉంది. అదేం తీపో నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. ఇన్నేళ్ళూ సొరకాయ వండాను, సొరకాయ రుచి ఆరోజు తెలిసింది. అన్నానికి సరిపడా నీళ్ళు పోసి అత్తెసరు పెట్టింది. కుండ మూత తీస్తే గింజ ఎర్రగా ఉబ్బి కమ్మటి వాసన వచ్చింది.

"నమిలి తినవే. మింగితే కాదు" అంది పిన్ని. "మన మాగాణి మనుషులు అన్నం నమలరు, దిగమింగుతారు."

ఇంటికొచ్చి మూల పడేసిన రోకలి కడిగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పక్కింటి అక్క గోడ మీద నుంచి చూసి, "మిల్లు మూసేశారా ఏమే?" అంది. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. అరుగు మీద కూర్చుని, "వచ్చేపోయేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? నా కొడుకు కూలోడా?" అంది.

"డాక్టరుగారు చెప్పాడు అత్తయ్యా."

"డాక్టరు ఇంట్లో ఏం తింటాడో చూసొచ్చావా?"

ఆయన మొదటిరోజు కంచం చూసి, "గుర్రానికి ఉలవలు పెట్టినట్టు పెట్టావేంటే" అన్నాడు. అయినా తిన్నాడు. భయం ఉంది గదా. పొన్నగంటి కూర పప్పులో వేశాను. మునగాకు వేయించాను. బీరకాయ తొక్కు పారేయకుండా పచ్చడి నూరాను. ఆకులన్నీ కంచం అంచుకు తోస్తే మళ్ళీ లోపలికి తోసేదాన్ని. మా అమ్మాయికి నోటి మూలల్లో ఎప్పుడూ ఉండే పుండ్లు మానిపోయాయి. ఆయన పాదాల వాపు దిగింది. వరి ఈనే వేళకు గోడ వదిలి నడిచాడు. ఒకరోజు కాలవ గట్టు ఎక్కి నిలబడి నన్ను కేకేశాడు. ఊరికే. ఎక్కానని చూపించడానికి. నా కాపురంలో నేను గెలిచింది ఏదైనా ఉంటే అదే.

కుప్పలు నూర్చి, కొత్త ధాన్యం మిల్లుకు వేసిన రోజు మా అత్తగారు స్నానం చేసి తనే పొయ్యి ముందు కూర్చుంది. బాగా కడిగింది, గంజి వార్చింది. ఆవిరి లేస్తున్న అన్నం, నెయ్యి, ముద్దపప్పు, ఆవకాయ కొడుకు ముందు పెట్టింది.

"బాగైపోయింది గదరా. ఇంకా ఎన్నాళ్ళు తింటావ్ ఆ దాణా?"

ఆయన నా వంక చూడలేదు. తలొంచుకుని తిన్నాడు, బడి నుంచి వచ్చిన పిల్లాడిలా. "ఎన్నాళ్ళయిందే అమ్మా ఇట్టాంటి అన్నం తిని" అన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ ఇద్దరి మధ్య నేనేం అనగలను?

ఆ రోజు నుంచి మా పొయ్యి మీద రెండు కుండలు. ఒకటి ఆయనకూ ఆమెకూ, ఒకటి నాకూ అమ్మాయికీ. బతిమాలాను. అలిగాను. మళ్ళీ మంటలు మొదలైతే, "ఒక సూది వేయించుకుంటే సరి" అన్నాడు. సూదికి వెళ్ళడానికి నాట్లు అడ్డం, నాట్లయితే కలుపు అడ్డం. గట్టిగా అడిగితే, "తింటే తిని చస్తాను, తినక చావమంటావా" అనేవాడు. అదీ నవ్వుతూనే.

వానాకాలం చివర మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడక దిండు నిలబెట్టుకుని కూర్చునేవాడు. తెనాలి రైల్లో నేను ఒకవైపు, మా అత్తగారు ఒకవైపు కూర్చున్నాం. డాక్టరుగారు గుర్తుపట్టాడు. గబగబా సూది వేస్తూ, "అన్నం ఏం పెట్టారమ్మా?" అని అడిగాడు. మా అత్తగారే ముందుకొచ్చింది.

"తెల్లటిదేనండి. మంచిదే పెట్టాం. ఏం లోటు చెయ్యలేదండి."

మా ఇంటాయన మర్నాడు పొద్దున్నే పోయాడు.

ఆ తర్వాత నేను వండిందీ తిన్నదీ చెప్పుకోవడానికి ఏముంది? తెలుసుకున్నది నిజమే. నా కళ్ళతో చూశాను, పాదం మీద పడిన గుంట పూడడం చూశాను. ఆకుల్లో అంత ఉందని, తొక్కల్లో అంత ఉందని నాకు తెలిసి ఏం ప్రయోజనం? తినాల్సిన మనిషి లేడు. ఊళ్ళో ఎవరికైనా చెబితే, "అంత తెలిసినదానివి మొగుణ్ణి ఎందుకు పోగొట్టుకున్నావ్?" అనేవాళ్ళు. చెప్పడం మానేశాను.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం మా అత్తగారు వంటింటి గడపలో కూర్చుంది. తన కుండ వైపు పోలేదు.

"నీదాంట్లోది కాస్త పెట్టు" అంది.

పళ్ళు లేని మనిషి. ఇంకో గ్లాసు నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, పొన్నగంటి పప్పు కలిపి పెట్టాను. ఒక ముద్ద తిని చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. ఇంకో ముద్ద తింది.

"ఇదేం అంత చేదుగా లేదే" అంది. మూడో ముద్ద కలుపుతూ, "వాడికెందుకు నచ్చలేదంటావ్?" అంది.

నేను ఆమె కంచంలో పెరుగు వేశాను. తినేసి చెయ్యి కడుక్కుంది. మర్నాటి నుంచి ఒకే కుండ పెట్టాను. ఆ ముసలామె ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది, చివరిదాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది.