ధీరోదాత్తుడు టేబుల్ ఎక్కిన రోజు

ఆ రోజుల్ల హీరో అంటే ఎవరన్న దాంట్ల నాకు ఇసుమంత అనుమానం లేకుండె. కావ్యంల అయితే ధీరోదాత్తుడు, సిన్మాల అయితే ఒక్క దెబ్బకు పదిమందిని లేపేటోడు. ఎమ్మే తెలుగు అయిపోంగనే హుస్సేనీ ఆలంల ఒక చిన్న కాలేజీల లెక్చరర్‌గ చేరిన. (మీసం అప్పుడప్పుడే కుదురుతుండె. దాన్ని మెలేసుకుంటనే క్లాసుకు పోయేటోణ్ని.) మొదటి వారమే నాయక లక్షణాలు అందుకున్న. "నాయకుడు భయమెరుగడు, ఆపదల అందరికంటె ముందుంటడు" అని బోర్డు మీద రాసి, బల్ల గుద్ది చెప్తుంటే, మాదన్నపేట నుంచి వచ్చే ఒక పిల్ల లేచింది. హాజరు పిలిస్తే గూడ గొంతు వణికేది, అందుకే క్లాసోళ్లు 'పిరికి' అని పేరు వెట్టిండ్రు. "సార్, నేను చదివిన నవలల హీరో మొత్తం భయపడుకుంటనే ఉంటడు, ఆఖరికి ఓడిపోతడు గూడ. గాయన హీరో గాదా?" అన్నది. "గాయన వట్టి పాత్రనేనమ్మా, నాయకుడు గాదు. కూసో" అన్న. క్లాసంత నవ్వింది. ఆ పిల్ల మొకం చిన్నగైంది. నేనైతే గెలిచిన అనుకున్న.

పది నిమిషాలు గూడ గాలే. బక్రీదు దగ్గరవడ్డది గదా, గల్లీల ఎవరిదో కొమ్ములు తిరిగిన పొట్టేలు తాడు తెంపుకొని సీదా మా క్లాసుల జొరవడ్డది. చూసేసరికి నేను టేబుల్ మీదున్న. (ఎట్లెక్కిన్నో ఇప్పటికీ తెల్వదు. "అమ్మా" అని గూడ అరిచిన్నట.) పిల్లలంత గోడకు అతుక్కున్నరు. ఆ పిరికి పిల్ల మాత్రం ఏడ్చుకుంటనే టిఫిన్ డబ్బాల రొట్టె తీసి దాని ముందట వట్టింది. అది తింటుంటె మెల్లగ మెడల తాడు అందుకున్నది. ఇంతల పొట్టేలాయన ఉరుక్కుంట వచ్చి, నా దిక్కు పైకి జూసి, "ఉతర్ జావ్ సార్, బచ్చా హై, కుఛ్ నై కర్తా" అన్నడు. (దిగుండ్రి సార్, పసిది, ఏం జెయ్యదు అని.)

దిగిన. క్లాసు పడి పడి నవ్వుతుంది. ఆ పిల్ల నవ్వలే. కండ్లు తుడుసుకొని, "దెబ్బ తగల్లే గద సార్?" అని అడిగింది. అప్పుడు సిగ్గయింది నాకు. బోర్డు మీద 'భయమెరుగడు' అన్న మాట చెరిపేసి, "ఆ నవల రేపు తెస్తవా అమ్మా?" అన్న. తెచ్చింది. ఆ హీరో నాకంటె నయం, టేబులైతె ఎక్కలే.

ఇప్పుడు రిటైరై జల్‌పల్లిల ఉంటున్న. టీవీల ఎవడన్న పదిమందిని గాల్లకు లేపితె నేను గూడ ఈలేస్త, అబద్ధమెందుకు. గని మీసం మెలేసుకుంట తిరిగిన ఆ ఇరవై నాలుగేండ్ల వయసు లెక్చరర్ యాదికొస్తే మాత్రం తిట్టబుద్ధి గాదు. పాపం, అంత గట్టిగ నమ్మి చెప్పుడు నాకు మల్ల ఎన్నడు చాతగాలే.