దేవునర్రలో నల్ల మచ్చలు

నా చిన్నప్పుడు మా ఖేడ్‌లో మట్టి అలుకులు పోయి, ఇళ్లలోకి తాండూరు బండలు వస్తున్న కాలం. మా ఇంటి ముందు కూడా ఒక రోజు లారీ ఆగి బండలు దించింది. వాటిలో చక్కనివి ఏరి మా నాయనమ్మ దేవునర్రలో, అంటే పూజగదిలో, పరిపించింది. మిగిలిన ఒకటి రెండు బండలు దొడ్లో గోడకు ఆనించి ఉండేవి.

ఆ మరుసటి ఏడే మా చిన్నాయన పెళ్లయింది. కన్నడ సరిహద్దులోని కంగ్టి నుంచి చిన్నమ్మ వచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా అమ్మకు పొలం పనితో తీరిక ఉండేది కాదు కాబట్టి నాకు తల దువ్వడం, అన్నం పెట్టడం, బడికి తోలడం అన్నీ చిన్నమ్మే చేసేది. మాటల్లో కన్నడం కలుస్తుందని మేమంతా ఆమెను ఆటపట్టించేవాళ్లం. ఆమె కూడా నవ్వేది. మా ఇంట్లో అంత తేలిగ్గా నవ్వే మనిషి అంతకుముందు లేదు, ఆ తర్వాత రాలేదు.

పరీక్షలకు ముందు ఒక రోజు నేను నోటుబుక్కు, సిరాబుడ్డి దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుంటూ బుడ్డిని తన్నేశాను. సిరా బండ మీద ఒలికింది. గబగబా తుడిచేసి, ఎవరూ చూడలేదనుకుని బయటికి వచ్చాను. నాలుగు రోజుల తర్వాత శుక్రవారం నాడు చిన్నమ్మ దేవునర్రను నూనెజిడ్డు పోయేదాకా రుద్ది కడిగాక, నాయనమ్మ గడప దగ్గర కూర్చుని చూస్తుంటే ఆ బండ మీద మచ్చలు కనిపించాయి. నల్లగా, గుండ్రంగా, అణిచిన మినపగింజల్లా పది పన్నెండు ఉన్నాయి. నా సిరా మరకలే అనుకున్నాను.

నాయనమ్మ మనసులోకి మాత్రం సిరా రాలేదు. మా ఇంట్లో ఆడవాళ్లు నెలలో ఆ మూడు రోజులు దొడ్డి వైపు వసారాలో వేరుగా ఉండాలి. కొత్త కోడలు ఆ లెక్క తప్పించిందని ఆమె అప్పటికప్పుడే తీర్మానించుకుంది.

"దూరం ఉండేటి దినాలల్ల లోపటికి వచ్చినవు. లేకుంటే దేవునర్రల మచ్చలెందుకు పడ్తయ్?" అంది.

"రాలేదత్తమ్మా. దేవుని మీద ఒట్టు," అంది చిన్నమ్మ.

ఒట్టును ఎవరూ లెక్కచేయలేదు. మచ్చలు పోయేదాకా కడగమన్నారు. ఆమె బూడిదతో రుద్దింది, ఇటుక పొడితో రుద్దింది. చివరికి ఇత్తడి గిన్నెలకు పట్టించినట్టు చింతపండు పట్టించి రుద్దింది. అదే కొంప ముంచింది. చింతపండు పులుపుకు బండ పైపొర తెల్లబడి, మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపించసాగాయి. కడిగిన కొద్దీ పెరుగుతున్నాయంటే ఇంకేం రుజువు కావాలని నాయనమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి మరీ చూపించింది. మూడో శుక్రవారానికి చిన్నమ్మ వేళ్ల చివర్లు పగిలాయి. పిల్లను తీసుకుపొమ్మని కంగ్టికి కబురు వెళ్లింది. చిన్నాయన తల్లి ముందు నోరెత్తే మనిషి కాదు.

నేనూ ఎత్తలేదు. అది నా సిరా అని నేను పూర్తిగా నమ్మాను. చెబితే నాయనమ్మ చేతి దెబ్బలు రెండు పడేవి, అంతకు మించి ఏమీ అయ్యేది కాదు. ఆ రెండు దెబ్బలకు భయపడి మూడు వారాలు ఊరుకున్నాను.

మా ఇంటి ముందు గదిలో, బడిలో సైన్సు చెప్పే సారు ఒకాయన అద్దెకు ఉండేవాడు. చిన్నమ్మ వేళ్లు చూసి ఆయన ఉండబట్టలేకపోయాడు. ఒక మధ్యాహ్నం దేవునర్ర గడప బయటే నిలబడి ఆ మచ్చలను చాలాసేపు చూశాడు. తర్వాత దొడ్లో మిగిలిన బండను పడుకోబెట్టి, ఉలీ సుత్తీ తెప్పించి, అందరినీ పిలిచాడు. తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుంది. అంచున ఉలి పెట్టి నాలుగు దెబ్బలు వేస్తే బండ పొర వెంట రెండు పలకలుగా విడిపోయింది. లోపల, మనిషి కన్నూ చెయ్యీ ఎన్నడూ తగలని చోట, అవే నల్ల మచ్చలు ఉన్నాయి. పలక మీద ఆయన చింతపండు పిసికి రుద్దితే అవి కూడా స్పష్టంగా తేలాయి.

"చూసినవా అవ్వా, ఇవి బండతోని వచ్చినయే. కోట్ల ఏండ్ల కింద ఈడ సముద్రం ఉండె. నత్తకు గుల్ల రాకముందుగాల బతికిన ప్రాణాలివి. గుల్ల లేదు, బొక్క బొమిక లేదు. బురదల పడి అణిగిపోయినయ్, గీ గుర్తే మిగిలింది. ఆ పిల్ల తప్పు ఏం లేదు," అన్నాడు.

నేను నవ్వాను. నవ్వొద్దనుకున్నా ఆగలేదు. అది నా సిరా కాదు, నేను బయటపడ్డాను. అంతే నాకు తోచింది. తలెత్తి చూస్తే అందరూ బండ వైపు చూస్తున్నారు, చిన్నమ్మ ఒక్కతే నన్ను చూస్తోంది.

నాయనమ్మ వంగి పలక మీది మచ్చలను వేలితో తడిమింది. ఒప్పుకుంటుందేమోనని ఆశపడ్డాను.

"మంచిగ చెప్పినవ్ సారూ. అంటే ఇన్నొద్దులు చచ్చినదాని మీద దీపం పెడ్తున్నమా? బండల అణిగి పడున్నదాన్ని ఈమెనే రుద్ది రుద్ది పైకి తెచ్చింది," అంది.

"నేను చెప్పింది గట్ల కాదవ్వా," అన్నాడు సారు. ఆయన మాట వినడానికి అప్పటికే అక్కడ ఎవరూ లేరు. పాపం, ఆయన మేలు చేయాలనే చెప్పాడు. ఆ సాయంత్రమే దేవునర్ర బండను పెకిలించి పారేశారు.

మర్నాడు చిన్నమ్మ అన్న వచ్చాడు. బయలుదేరే ముందు ఆమె నన్ను కూర్చోబెట్టి తల దువ్వింది. పగిలిన వేళ్లు వెంట్రుకలకు తగులుకుంటుంటే నెమ్మదిగా జడ వేసింది.

"సిరా నువ్వు పారవోసుడు నేను చూసిన బిడ్డా. గా మచ్చలు గదే అనుకున్న. నీకు దెబ్బలు పడ్తయని ఎవలికి చెప్పలే," అంది. గొంతులో కోపం లేదు. అప్పుడైనా నేను ఒక్క మాట అనలేదు. తల వంచుకుని జడ పూర్తయ్యేదాకా కూర్చున్నాను.

ఆమెను మళ్లీ తీసుకురాలేదు. రెండేళ్లకు చిన్నాయనకు ఇంకో పెళ్లి చేశారు. చిన్నమ్మ అన్నావదినలతో కూలి పనికి హైదరాబాదు పోయిందని విన్నాం, అంతకు మించి తెలియదు. సారు చెప్పినవన్నీ నిజాలేనని పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. తెలిసి ఏం లాభం?

ఇప్పుడు నాకు మనవలు ఉన్నారు. మా అమ్మమ్మ ఎవరినీ ఒక్క మాట అనదని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట వినలేక నేను లేచి లోపలికి పోతాను. ఒక ఆడమనిషి బతుకు చెడిపోతుంటే, తప్పు నాది కాదని తేలినందుకు నేను నవ్వాను. చిన్నమ్మ అది చూసింది.